డిక్కీలో పాత పాయింట్లు

తాతగారి నాటి స్టాండర్డు హెరాల్డును తుడిచి, పండుగకో పెళ్లికో బయటికి తీసే కుటుంబాలు మనలో ఇంకా కొన్ని ఉన్నవి. 1961 నుంచి మద్రాసులో తయారైన బండి అది. దాని చట్రాన్నే పొట్టి చేసి ఇంగ్లండువారు 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్సు కారు చేశారు. ఆ కారు ఉన్నవారిని వేధించే ప్రశ్నే మన హెరాల్డు వారినీ వేధిస్తుంది: పాయింట్లు తీసివేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించవచ్చునా?

డిస్ట్రిబ్యూటరు మూత విప్పితే రెండు చిన్న లోహపు మొనలు కనబడతవి. అవే పాయింట్లు. అవి కలిసి ఉన్నంతసేపు కాయిలులో కరెంటు పారుతుంది. విడిపోయిన క్షణాన బ్యాటరీ తాలూకు 12 వోల్టులు వేలాది వోల్టులై ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుడుతుంది. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే, నాలుగు సిలిండర్ల బండిలో ఇవి సెకనుకు 100 సార్లు విడిపోవాలి. అరగక ఏం చేస్తవి పాపం! కామును ఒరుసుకొనే మడమ అరిగితే సందు తగ్గుతుంది, రవ్వ ఆలస్యమవుతుంది, బండి ఎత్తు ఎక్కలేక ఆయాసపడుతుంది.

ఎలక్ట్రానిక్ పద్ధతిలో చిన్న అయస్కాంతపు ఉంగరం తిరుగుతూ ఉంటే, పక్కనున్న సెన్సరు దానిని కనిపెట్టి ట్రాన్సిస్టరు చేత కరెంటును ఆపిస్తుంది. ఒరుసుకొనేదీ లేదు, అరిగేదీ లేదు. ఇది పెడితే కారు గుర్రమై దూకుతుందనే వారి మాట మాత్రం నమ్మనక్కరలేదు. బాగా సర్దిన పాయింట్లకూ దీనికీ మామూలు నడకలో తేడా తెలియదు. లాభమంతా ఆ సర్దుబాటు చెదరకుండా ఉండడంలోనే ఉంది.

అయితే పాయింట్లు చాలావరకు చెప్పి చెడతవి. బండి దగ్గుతుంది, మొరాయిస్తుంది, ఎట్లాగో ఇంటికి చేరుస్తుంది. సెన్సరు పోయిందంటే పోయినట్లే; విప్పి గీకడానికి ఏమీ ఉండదు. వేడి దానికి పరమశత్రువు. 1971లో జాగ్వారు ఈ-టైపు పన్నెండు సిలిండర్ల కారుకు లూకాసు వారి ఓపస్ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టి, దాని ఆంప్లిఫయరును ఇంజను నడుమ సెగలోనే అమర్చారు. ఆ సెగకు చెడడం దానికి పేరుపడిన జబ్బయింది.

మన మహేంద్రమంగళం నుంచి ధర్మపురి మీదుగా సేలం వెళ్లేవారికి తొప్పూరు కనుమ ఉండనే ఉంది. రాత్రివేళ లారీలు వెనుకనుంచి దిగి వస్తూ ఉండగా, పిల్లలతో పెద్దలతో అక్కడ బండి ఆగిపోతే ఏమి గతి?

ఈ జాగ్రత్త రాజులకూ ఉండేది. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెసులో నిజాము గారి పసుపుపచ్చ రోల్సు రాయిసు, 1912 నాటి సిల్వర్ ఘోస్టు, నేటికీ చూడవచ్చును. ఆ తరహా కారులో సిలిండరుకు రెండేసి ప్లగ్గులు: ఒక వరుసకు మాగ్నెటో, రెండవదానికి బ్యాటరీ, కాయిలు. ఒకటి పోతే ఇంకొకటి. మన హెరాల్డులో రెండవ ప్లగ్గుకు చోటేదీ?

కనుక మా సలహా ఇది. ఎలక్ట్రానిక్ పెట్టించుకోండి, తీసిన పాయింట్ల పళ్లాన్ని కండెన్సరుతో సహా గుడ్డలో చుట్టి డిక్కీలో ఉంచండి. 0.015 అంగుళం ఫీలరు గేజి, స్క్రూడ్రైవరు, టార్చిలైటు తోడుంచండి. పగటిపూట ఇంటి ముంగిట ఒకసారి మార్చి చూసుకోండి. ఇంటి ఆడపిల్లలకూ నేర్పండి, బండి నడిపేది వారే గదా నేడు! కాయిలు రెండు పద్ధతులకూ సరిపడే 3 ఓములది ఉండాలి. తక్కువ ఓములదైతే, అవసరానికి పెట్టిన పాయింట్లు త్వరగా కాలిపోతవి. పాత బండ్లు కొన్నింటిలో బ్యాటరీ ప్లస్సు వైరే బాడీకి కలిపి ఉంటుంది. అది చూడకుండా సెన్సరు కొనకండి. ఇంజను ఆగి ఉండగా తాళంచెవి ఆన్‌లో వదిలిపెట్టినా కొన్ని సెన్సర్లు వేడెక్కి మాడిపోతవి.