కల్పిత లోకపు జాడలు బస్సు కిటికీలో కనబడునా?

మనము చూచుచున్న ఈ లోకము యథార్థము కాదనియు, ఏదో ఒక మహా కంప్యూటరులో నడచుచున్న లెక్క మాత్రమేననియు ఒక భావన నేటి విద్యార్థులలో ప్రచారము పొందినది. 1999లో విడుదలయిన 'ది మేట్రిక్స్' అను చలనచిత్రము దీనిని లోకమంతట వ్యాపింపజేసెను. 2003లో నిక్ బోస్ట్రమ్ అను తత్త్వవేత్త దీనిని తర్కబద్ధముగా చర్చించెను. ఆయన వాదమున మూడు మార్గములు కలవు. మనవంటి జాతులు అట్టి కంప్యూటర్లను నిర్మింపగల దశకు చేరకముందే దాదాపు అన్నియు నశించుచుండవలెను. లేదా, ఆ దశకు చేరినను తమ పూర్వుల జీవితములను అట్లు కల్పించు ఆసక్తి వాటికి లేకుండవలెను. ఈ రెండును కానిచో మనము కల్పిత లోకములోనే యుండుట దాదాపు నిశ్చయము. ఈ మూడింటిలో ఏది నిజమో ఆయన తేల్చి చెప్పలేదు.

ఈ మాట విన్న విద్యార్థి మరునాడు బడికి పోవు బస్సులోనే ఆ లోకపు అతుకులను వెదక నారంభించును. అతడు చూపు జాడలను నవ్వి త్రోసివేయుట సులభము. కాని పరీక్షించి చూచుటయే మేలు.

మొదటి జాడను చూతము. దారిలో ఒక కారుపై 4271 అను సంఖ్య కనబడినది. కొంత దూరము పోయిన పిమ్మట ఒక స్కూటరుపై మరల అదే సంఖ్య! లోకమును కల్పించినవాడు సంఖ్యలను తిరిగి వాడుకొనుచున్నాడు కాబోలునని మనకు అనుమానము కలుగును.

మన దేశమున బండి నంబరు పలకపై చివర 1 మొదలు 9,999 వరకు ఏదో ఒక సంఖ్య యుండును. ప్రయాణములో 120 బండ్లను గమనించితిమనుకొందము. వాటిని రెండేసి చొప్పున జతపరచినచో 120 × 119 ÷ 2 = 7,140 జతలు ఏర్పడును. సంఖ్యలు యాదృచ్ఛికముగా వచ్చుచున్నవనుకొన్నచో, ఒక్కొక్క జత కలియుటకు గల అవకాశము 9,999లో ఒక వంతు. ఇది మిక్కిలి స్వల్పమే. కాని జతలు ఏడువేలకు పైగా కలవు గదా! లెక్కించి చూచినచో, ఏ జతయు కలియకుండుటకు సంభావ్యత సుమారు 0.49 మాత్రమే. అనగా రెండు ప్రయాణములలో ఒకదానియందు ఏదో ఒక సంఖ్య రెండుమారులు కనబడుట సహజము. మనము బయలుదేరకముందే ఎన్నుకొన్న సంఖ్య మాత్రము సుమారు 83 ప్రయాణములకు ఒకమారు కనబడును. వింత జరిగిన తరువాత దానిని ఏరుకొనుట వేరు; ముందుగా చెప్పి ఎదురుచూచుట వేరు.

రెండవ జాడ ఇంకను ఆసక్తికరమైనది. ముందుకు పోవుచున్న కారును సెల్‌ఫోనుతో వీడియో తీసినచో, ఒక్కొక్కప్పుడు దాని చక్రములు వెనుకకు తిరుగుచున్నట్లు కనబడును. ఫోను సెకనుకు 30 బొమ్మలు తీయుచున్నదనుకొందము. చక్రమునకు బండిచక్రమునకువలె 5 ఆకులున్నచో, అయిదవ వంతు తిరిగినప్పుడెల్ల అది మొదటివలెనే యుండును. కావున సెకనుకు సరిగా 6 చుట్లు తిరుగు చక్రము బొమ్మలలో కదలకుండ నిలిచినట్లుండును. చక్రపు చుట్టుకొలత 2 మీటర్లయినచో, అప్పుడు కారు వేగము గంటకు సుమారు 43 కిలోమీటర్లు. వేగము అంతకంటె కొంచెము తగ్గినచో, ప్రతి ఆకును తన ముందున్న ఆకు స్థానమునకు కొద్దిగా ఇవతలనే చిక్కును. కంటికి చక్రము వెనుకకు నడచినట్లు తోచును.

ఇది నిజమైన జాడయే. చలనమును ఎవరో ముక్కలుగా కోసినారని ఇది చెప్పుచున్నది. కోసినది లోకమా, కెమెరాయా? సెకనుకు 60 బొమ్మలు తీయునట్లు ఫోనును మార్చి చూడుడు. చక్రము నిలిచినట్లు కనబడు వేగము 43 నుండి 86కు మారును. కోత లోకములోనిదే అయినచో, కెమెరాను మార్చినంతమాత్రమున ఇది మారవలసిన పని లేదు.

ఇట్టి కోత లోకములోనే కలదా యని భౌతికశాస్త్రజ్ఞులును ఆలోచించిరి. పరమాణు కేంద్రకములోని బలములను కంప్యూటరుపై లెక్కించుటకు వారు స్థలమును గళ్లకాగితమువలె విభజింతురు. మన లోకమును లెక్కించు యంత్రముకూడ అట్లే చేయుచున్నచో ఏమగునని సైలస్ బీన్, జోహ్రే దావూదీ, మార్టిన్ సావేజ్ అనువారు 2012లో పరిశీలించిరి. గళ్లకాగితముపై గీత వెంట పోవుటయు, మూలకు పోవుటయు ఒకటి కాదు. అట్లే, మిక్కిలి శక్తిగల విశ్వకిరణములు అన్ని దిక్కులందును ఒకే తీరున ప్రవర్తింపక, ఆ గళ్ల దిక్కులను బయటపెట్టవలెను. విశ్వకిరణములలో 10²⁰ ఎలక్ట్రాను వోల్టుల శక్తిగలవి కానవచ్చినవి. దీనినిబట్టి, గళ్లే యున్నచో వాటి పరిమాణము ప్రోటాను వ్యాసములో సుమారు లక్ష కోట్లవ వంతునకు మించియుండరాదని తేలినది. ఇంతవరకు అట్టి గళ్ల ఉనికి రుజువు కాలేదు. అంతకంటె సన్నని గళ్లు కలవన్నచో, లేక గళ్లే అక్కరలేని యంత్రమన్నచో, ఈ పరీక్ష ఏమియు చెప్పజాలదు.

త్రాటిని చూచి పామనుకొనుటను మన పెద్దలు రజ్జుసర్పభ్రాంతి యనిరి. దీపము తెచ్చినచో ఆ భ్రాంతి తొలగును. ఏ దీపమునకును లొంగని పామును గురించి మాత్రము విజ్ఞానశాస్త్రము ఔననియు అనజాలదు, కాదనియు అనజాలదు. కనుక అట్టి ఊహను నమ్మి, చదువు వ్యర్థమనియు ఎదుటివాని బాధ ఉత్తదనియు తలచుటకు ఆధారమేమియు లేదు. లోకము దేనితో చేయబడినను, ఆకలి ఆకలియే. వేగముగా పోవు బస్సునుండి దూకినవానికి దెబ్బ తగులక మానదు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో పరీక్షింపవచ్చును. 40 మంది విద్యార్థులను ఒక్కొక్కరు వేరువేరుగా, బస్సులో కూర్చుండియో, బడి ఆవరణలో నిలిచియో, 120 బండ్ల సంఖ్యలను వ్రాసికొని రమ్మనుడు. వారు బయలుదేరకముందే నల్లబల్లపై "సుమారు 20 మందికి ఒకే సంఖ్య రెండుమారులు కనబడును" అని వ్రాసి యుంచుడు. మరునాడు లెక్క సరిచూచినప్పుడు, జాడ యనగానేమో, రుజువు యనగానేమో వారికి వేరుగా బోధింప నక్కరలేదు.