ఆఫీసు హైదరాబాద్‌లో, ఇల్లు ఎడపల్లిలో: ఆ పదిరోజులు ఎక్కడ ఉండాలి?

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు లాప్‌టాప్ పట్టుకుని ఊరికి వచ్చిన మన పిల్లల్లో కొందరు ఇప్పటికీ ఇంటి నుంచే పని చేసుకుంటున్నారు. శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడ్డాక ఎడపల్లి, బోధన్ వైపు జీతం వచ్చే కొలువంటే హైదరాబాదో గల్ఫో అన్నట్టు అయింది. అలాంటిది అమ్మీ, అబ్బా కళ్ల ముందే ఉండి హైదరాబాద్ జీతం తెచ్చుకోవడం ఇంటికి పెద్ద సహారా.

అయితే చాలా కంపెనీలు ఇప్పుడు "నెలలో కొన్ని రోజులు ఆఫీసుకు రండి, మిగతా రోజులు ఎక్కడి నుంచైనా చేసుకోండి" అంటున్నాయి. ఆ కొన్ని రోజులకు ఏడాది పొడుగునా గది కిరాయి కట్టడం దండగ. చుట్టాల ఇంట్లో దిగితే ప్రేమగా చూసుకుంటారు, కానీ హాల్లో పిల్లలు ఆడుకుంటుంటే ఆఫీసు కాల్ మాట్లాడలేం. అందుకే వంటగది ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంట్ల వైపు చాలామంది చూస్తున్నారు. రోజుల లెక్కన కిరాయి, మంచం, ఫ్రిజ్, స్టవ్, వైఫై అన్నీ ఉంటాయి. వంట మాత్రం మనమే చేసుకోవాలి.

ముందు ఖర్చు చూద్దాం. ఇవి లెక్క అర్థం కావడానికి తీసుకున్న అంకెలు, మీకు చెప్పే రేట్లు వేరే ఉండొచ్చు. 20 రోజులు ఉండాలి. హోటల్ గది రోజుకు 1,500, ఫ్లాట్ 1,800 అనుకోండి. పన్ను 5 శాతం కలిపితే హోటల్ 31,500, ఫ్లాట్ 37,800. ఒక్కరే ఉంటే బయటి తిండి రోజుకు 400 చొప్పున 8,000, ఇంటి వంట సామానుకు 4,000. మొత్తం హోటల్ 39,500, ఫ్లాట్ 41,800. అంటే ఒక్కరికి హోటలే తక్కువ. అదే ఇద్దరుంటే బయటి తిండి 16,000 అవుతుంది, వంట సామాను 6,500 దాటదు. హోటల్ 47,500, ఫ్లాట్ 44,300. ఇద్దరు వెళ్తేనే ఫ్లాట్ గిట్టుబాటు అవుతుంది.

ఆడపిల్లల ఉద్యోగాల విషయంలో ఈ లెక్క బాగా పనికొస్తుంది. "ఒంటరిగా హైదరాబాద్‌లో ఎట్లా ఉంటావు?" అన్న మాట దగ్గరే కొన్ని కొలువులు ఆగిపోతున్నాయి. వంటగది ఉన్న ఫ్లాట్ అయితే అమ్మీ కూడా వెంట వెళ్లి ఉండొచ్చు. మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి ఆ ప్రయాణానికి వేరే ఖర్చు కూడా పడదు.

పన్ను సంగతి కూడా తెలుసుకోండి. రోజు కిరాయి 7,500 వరకు ఉన్న గదులకు 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 5 శాతమే, అంతకు ముందు 12 ఉండేది. ఎవరైనా ఇంకా 12 శాతం వేస్తే బిల్లు అడగండి, దానిమీద జీఎస్టీ నంబర్ ఉందో లేదో చూడండి. హాస్టల్‌లో 90 రోజులు విడవకుండా ఉండి, మనిషికి నెలకు 20,000 లోపు కడితే 2024 జులై నుంచి జీఎస్టీయే లేదు. కాబట్టి మూడు నెలలు దాటి ఉండేవాళ్లు హాస్టల్ లెక్క కూడా వేసుకోవాలి. కంపెనీ డబ్బు ఇస్తానంటే బిల్లు ఎవరి పేరు మీద కావాలో ముందే అడిగి పెట్టుకోండి.

ఏరియా విషయానికొస్తే, గచ్చిబౌలి వైపు ఆఫీసు ఉన్న మనవాళ్లు టోలిచౌకి చూస్తారు. మసీదులు, జబీహా మాంసం దగ్గర్లో ఉంటాయి. 2022 జనవరి 1న షేక్‌పేట్ ఫ్లైఓవర్ తెరిచాక గచ్చిబౌలి దారి సులువైంది. హైటెక్ సిటీలో ఆఫీసు అయితే జేబీఎస్‌లో బస్సు దిగి, పక్కనే పరేడ్ గ్రౌండ్ స్టేషన్‌లో రాయదుర్గం వెళ్లే మెట్రో ఎక్కొచ్చు.

ఒక చేదు మాట కూడా చెప్పాలి. ఫోన్‌లో "ఖాళీ ఉంది, రండి" అన్న ఓనర్ నా పేరు వినగానే "ఇప్పుడే వేరేవాళ్లకు ఇచ్చేశాం" అన్నాడు. ఇది నా ఒక్కడికే జరిగింది కాదని మీకు తెలుసు. కొన్నిచోట్ల మాంసం వండొద్దనే షరతు గది తీసుకున్నాక బయటపడుతుంది. అందుకే మొదటి మెసేజ్‌లోనే పూర్తి పేరు రాయండి, "మాంసం వండుకోవచ్చా?" అని అడగండి. జవాబు రాతలో తీసుకోండి. సామాను మోసుకుని 180 కిలోమీటర్లు వెళ్లాక గుమ్మం దగ్గర వినడం కంటే ఇంట్లో కూర్చుని వినడం నయం.

స్టవ్ ఏ రకమో కూడా కనుక్కోండి. చాలా ఫ్లాట్లలో గ్యాస్ ఉండదు, ఇండక్షన్ ఉంటుంది. మన అల్యూమినియం డేగ్చీ మామూలు ఇండక్షన్ మీద వేడెక్కదు. అడుగు సాపుగా ఉండి, అయస్కాంతం అంటుకునే గిన్నె కావాలి. ఇంట్లోనే అయస్కాంతం పెట్టి చూసి, అంటుకున్న గిన్నెలు రెండు వెంట తీసుకెళ్లండి. ముందు వాళ్లు ఏం వండారో అన్న అనుమానం కూడా ఉండదు.

పనికి నెట్ ముఖ్యం. ఒక వీడియో కాల్‌కు 3, 4 ఎంబీపీఎస్ చాలు, కానీ అప్‌లోడ్ కూడా అంత రావాలి. ఆ ఫ్లాట్‌లో తీసిన స్పీడ్ టెస్ట్ ఫొటో పంపమనండి. రూటర్ ఫ్లాట్‌లోనే ఉందా, అంతస్తు మొత్తానికి ఒక్కటేనా అడగండి. "పవర్ బ్యాకప్ ఉంది" అంటే కొన్నిచోట్ల లిఫ్టుకు, మెట్ల లైట్లకు మాత్రమే. లాప్‌టాప్ పెట్టే సాకెట్‌కు వస్తుందా అన్నది అసలు ప్రశ్న.

చూడకుండా అడ్వాన్స్ పంపకండి. ఊళ్లో ఎవరో ఒకరికి హైదరాబాద్‌లో బంధువు ఉంటారు, వెళ్లి చూసి రమ్మనండి. అది కుదరకపోతే వీడియో కాల్‌లో గేటు నుంచి వంటగది దాకా చూపించమనండి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కు ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. ఆధార్ ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకుని ఇవ్వండి.

నమాజ్ గురించి చాలామంది అడుగుతారు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం ఇంత దూరం వెళ్లి ఒకే ఊళ్లో 15 రోజుల కంటే తక్కువ ఉండాలని నియ్యత్ చేసుకుంటే ముసాఫిర్, జుహర్, అసర్, ఇషా ఫర్జ్ నమాజులు ఖస్ర్ చేయాలి. 15 రోజులు, అంతకన్నా ఎక్కువ ఉండే నియ్యత్ ఉంటే ముఖీమ్, పూర్తి నమాజ్ చదవాలి. ఇమామ్ వెనుక జమాఅత్‌లో చదివితే ఎలాగూ పూర్తిగానే. మీ రోజులు అటూ ఇటూ మారుతుంటే మీ మసీదు ఇమామ్ సాబ్‌ను అడిగి వెళ్లండి.

మొదటిసారి వెళ్లేటప్పుడు మూడు రోజులకే బుక్ చేసుకోండి. నెట్, నీళ్లు, వంటగది బాగుంటే అక్కడే పొడిగించుకోవచ్చు, ఎక్కువ రోజులు ఉంటామంటే కిరాయి కూడా తగ్గించమని అడగొచ్చు. ఫ్లాట్ అడ్రస్, ఓనర్ నంబర్ ఇంట్లో ఒక కాగితం మీద రాసి పెట్టి వెళ్లండి.