మీకు తెలుసా? 43 ఏళ్లకు నంబర్‌ వన్‌!

టెన్నిస్‌లో ముప్పై దాటితే రిటైర్మెంట్ ఎప్పుడని అడగడం మొదలుపెడతారు. కొడగుకు చెందిన రోహన్ బోపన్న మాత్రం 43వ ఏట, 2024లో, మాథ్యూ ఎబ్డెన్‌తో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ పురుషుల డబుల్స్ గెలిచాడు. ఓపెన్ శకంలో ఇంత పెద్ద వయసులో పురుషుల గ్రాండ్‌స్లామ్ డబుల్స్ నెగ్గినవారు అంతకుముందు లేరు. ఆ టోర్నీతోనే తొలిసారి డబుల్స్ ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు.

అతని మోకాళ్లలో మృదులాస్థి అరిగిపోతే అయ్యంగార్ యోగా ఆదుకుంది. డబుల్స్‌లో కోర్టును ఇద్దరు పంచుకుంటారు కాబట్టి పరుగు కొంత తగ్గుతుంది. పదునైన సర్వీసు, నెట్ దగ్గర చురుకుదనం ఉండాలి, రెండూ అతనికి ఉండేవి. అన్నట్టు, మన హైదరాబాదీ సానియా మీర్జా చివరి గ్రాండ్‌స్లామ్ ఫైనల్ అయిన 2023 ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్‌లో ఆమె భాగస్వామి బోపన్నే. ఆ మ్యాచ్ ఓడారు.