యూనిట్ – 6: పెంపుడు కుక్కకు పొడి ఆహారం – నాణ్యతను గుర్తించి ఎంచుకోవడం

6.0 ఉద్దేశాలు

ఈ యూనిట్‌ను చదివిన తరవాత మీరు:

• పొడి ఆహారం ఎలా తయారవుతుందో వివరించగలుగుతారు.
• ఒక ఆహారం సంపూర్ణమైనదో కాదో, ఏ వయసు కుక్కకు తగినదో సంచి మీది వివరాలను బట్టి గుర్తించగలుగుతారు.
• తేమను మినహాయించి పోషకాల శాతాన్ని లెక్కకట్టగలుగుతారు.
• రోజుకు ఎంత ఆహారం అవసరమో, దానికి ఎంత ఖర్చవుతుందో అంచనా వేయగలుగుతారు.

6.1 పరిచయం

మన ఇళ్లలో కుక్కకు చాలాకాలంగా పెడుతున్నది పెరుగన్నం, మిగిలిన కూర కలిపిన అన్నం, వీలైతే కోళ్ల దుకాణం నుంచి తెచ్చి ఉడికించిన కాళ్లు, మెడలు. పట్టణాలతో పాటు మండల కేంద్రాల్లో కూడా ఇప్పుడు పొడి ఆహారపు సంచులు దొరుకుతున్నాయి. దీనితో రెండు రకాల పొరపాట్లు జరుగుతున్నాయి. మనం తినేదే కుక్కకూ సరిపోతుందని అనుకోవడం మొదటిది. సంచిలో వచ్చినది ఏదైనా మంచిదేనని నమ్మడం రెండోది.

మనుషులు రోజుకో రకం తింటారు కాబట్టి ఒక పూట తగ్గిన పోషకం మరో పూట భర్తీ అవుతుంది. పెంపుడు కుక్కకు ఆ అవకాశం లేదు. మనం ఎంచుకున్న ఒకే ఆహారాన్ని అది నెలలు, ఏళ్ల తరబడి తింటుంది. అందువల్ల ఆ ఆహారంలోని చిన్న లోపం కూడా రోజురోజుకూ పేరుకుపోతుంది. ఉదాహరణకు అన్నం, ఎముక లేని మాంసం మాత్రమే తిని పెరిగే కుక్కపిల్లకు కాల్షియం చాలదు. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. రక్తంలో కాల్షియం తగ్గకుండా కాపాడుకోవడానికి శరీరం ఎముకల నుంచే దాన్ని తీసుకుంటుంది. ఎముకలు మెత్తబడి కాళ్లు వంగుతాయి, చిన్న దెబ్బకే విరుగుతాయి. ఆ పిల్ల ప్రతిరోజూ కడుపునిండా తింటూనే ఉంటుంది కాబట్టి లోపం యజమానికి త్వరగా కనబడదు.

ఇంటి కూరలతో మరో ప్రమాదం కూడా ఉంది. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఈ రెండూ లేని కూర మన వంటింట్లో అరుదు.

6.2 పొడి ఆహారం తయారయ్యే విధానం

కుక్కల కోసం ప్రత్యేకంగా బిస్కెట్లు తయారుచేసి అమ్మడాన్ని జేమ్స్ స్ప్రాట్ అనే వ్యాపారి 1860 ప్రాంతంలో లండన్‌లో ప్రారంభించాడు. ఈనాటి గుళికల రూపం 1957లో అమెరికాలో ప్యూరినా సంస్థ తెచ్చిన ఆహారంతో ప్రచారంలోకి వచ్చింది. ఈ పద్ధతిని ఎక్స్‌ట్రూషన్ అంటారు.

ఇందులో ధాన్యాలు, మాంసపు పొడి, ఖనిజ లవణాలు, విటమిన్లను పిండిగా కలిపి, ఆవిరితో, అధిక పీడనంతో ఉడికిస్తారు. ఆ ముద్దను జంతికల గొట్టంలో పిండిని నొక్కినట్లు రంధ్రాల గుండా నెట్టి, ముక్కలుగా కోసి, ఆరబెడతారు. చివరగా వాటి మీద కొవ్వును, రుచినిచ్చే పదార్థాలను పూస్తారు. వేడికి కొన్ని విటమిన్లు నశిస్తాయి కాబట్టి ఆ నష్టాన్ని ముందే లెక్కలోకి తీసుకుని ఎక్కువ పరిమాణంలో కలుపుతారు. పూర్తయిన ఆహారంలో తేమ సుమారు 10 శాతం మాత్రమే ఉంటుంది. అందుకే అది త్వరగా పాడవదు. డబ్బాల్లో వచ్చే తడి ఆహారంలో తేమ 75 నుంచి 80 శాతం వరకు ఉంటుంది.

మాంసాహార జంతువైన కుక్కకు ధాన్యం ఎందుకు అనే సందేహం రావచ్చు. తోడేలుతో పోలిస్తే కుక్కలో పిండి పదార్థాన్ని జీర్ణం చేసే ఎంజైమును తయారుచేసే జన్యువు ప్రతులు ఎక్కువగా ఉన్నాయని 2013లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. మనుషులతో కలిసి బతికిన వేల ఏళ్లలో వచ్చిన మార్పు ఇది. బాగా ఉడికిన బియ్యం, మొక్కజొన్నలను కుక్క చక్కగా జీర్ణం చేసుకోగలదు. కాబట్టి ధాన్యం ఉన్నంత మాత్రాన ఆహారం నాసిరకం కాదు.

6.3 మొదట చూడవలసినది: ఆహారం సంపూర్ణమేనా? ఏ దశకు?

సంచి మీద బొమ్మల కంటే ముందు వెతకవలసిన వాక్యం, అది 'సంపూర్ణ, సమతుల ఆహారం' అని చెప్పేది. వేరే ఏదీ కలపకుండా ఆ ఒక్క ఆహారంతోనే కుక్క ఆరోగ్యంగా ఉండగలదని దీని అర్థం. ఈ వాక్యం లేనివి, ట్రీట్లు, నమలడానికి ఇచ్చే బిస్కెట్లు భోజనానికి బదులు కావు. రోజు మొత్తం శక్తిలో వీటి వాటా 10 శాతానికి మించకూడదు.

మన దేశంలో కుక్కల, పిల్లుల ఆహారానికి భారతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 11968 అనే ప్రమాణాన్ని రూపొందించింది. చాలా సంచుల మీద అమెరికాకు చెందిన ఆఫ్కో ప్రమాణాల ప్రస్తావన కూడా కనబడుతుంది. తేమను మినహాయించి లెక్కించినప్పుడు ఆఫ్కో సూచించిన కనీస స్థాయిలు ఇవి:

పెరిగే పిల్లలు, చూలు కుక్కలు, పాలిచ్చే తల్లులు: ముడి ప్రోటీన్ 22.5 శాతం, కొవ్వు 8.5 శాతం, కాల్షియం 1.2 శాతం.

పూర్తిగా ఎదిగిన కుక్కలు: ముడి ప్రోటీన్ 18 శాతం, కొవ్వు 5.5 శాతం, కాల్షియం 0.5 శాతం.

ఎదిగిన కుక్కల ఆహారాన్ని పిల్లకు పెడితే ఏమవుతుందో ఈ అంకెలే చెబుతున్నాయి. పిల్లకు కావలసిన కాల్షియంలో సగం కూడా అందకపోవచ్చు. అలాగని కాల్షియం ఎంత ఎక్కువైతే అంత మేలని కూడా అనుకోరాదు. గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్ వంటి పెద్ద జాతుల పిల్లల్లో అధిక కాల్షియం ఎముకల పెరుగుదలను దెబ్బతీస్తుంది. వీటి ఆహారంలో కాల్షియం 1.8 శాతం మించరాదు. కాబట్టి పెద్ద జాతి పిల్లలకు 'పెద్ద జాతి పిల్లల కోసం' అని ఉన్న ఆహారాన్నే ఎంచుకోవాలి. సమతుల ఆహారం పెడుతూ, పశువైద్యుని సలహా లేకుండా కాల్షియం మందు అదనంగా పోయకూడదు.

6.4 పదార్థాల జాబితాను చదవడం

పదార్థాలను సాధారణంగా బరువును బట్టి, ఎక్కువ ఉన్నదాన్ని ముందు రాస్తారు. ఇక్కడ మూడు విషయాలు గమనించాలి.

అ) తాజా మాంసం, మాంసపు పొడి: తాజా కోడి మాంసంలో సుమారు 70 శాతం నీరే. ఉడికించక ముందు బరువు ప్రకారం అది జాబితాలో మొదట ఉన్నా, ఆరిన తరవాత దాని వాటా బాగా తగ్గిపోతుంది. కోడిమాంసపు పొడి ముందే నీరు తీసినది. కాబట్టి జాబితాలో 'పొడి' అని ఉన్నంత మాత్రాన తక్కువగా చూడనవసరం లేదు. అయితే 'మాంసపు పొడి' అని మాత్రమే రాసిన దానికంటే ఏ జంతువుదో చెప్పిన పదార్థం మేలు.

ఆ) విడగొట్టి రాయడం: మొక్కజొన్న, మొక్కజొన్న గ్లూటెన్, నూకలు, తవుడు అని విడివిడిగా రాస్తే ఒక్కొక్కటి కిందికి పోయి మాంసం పైకి వస్తుంది. వాటన్నిటినీ కలిపి చూస్తేనే అసలు వాటా తెలుస్తుంది.

ఇ) పేరులోని మాట: అమెరికా నిబంధనల ప్రకారం పేరులో 'విత్ చికెన్' అని ఉంటే కోడి మాంసం 3 శాతం ఉంటే చాలు. 'చికెన్ ఫ్లేవర్' అంటే రుచి తెలిస్తే సరిపోతుంది. కాబట్టి సంచి మీది కోడి బొమ్మ, పేరు పరిమాణానికి హామీ కావు.

'ధాన్యం లేనిది' అన్న ప్రచారాన్ని చూసి ఎక్కువ ధర పెట్టనవసరం లేదు. ధాన్యానికి బదులుగా బఠానీలు, పప్పులు ఎక్కువగా వాడిన ఆహారాలకు, కుక్కల్లో గుండె కండరం బలహీనపడే వ్యాధికి సంబంధం ఉందేమోనని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2018లో పరిశీలన ప్రారంభించింది. ఆ ఆహారమే కారణమని తేలలేదు. అయినా ధాన్యం లేకపోవడం ఒక ప్రత్యేక గుణమన్న వాదనకు ఆధారం లేదు.

6.5 పోషకాల పట్టికను లెక్కతో చదవడం

ఒక పొడి ఆహారంలో ముడి ప్రోటీన్ 24 శాతం, తేమ 10 శాతం ఉన్నాయనుకుందాం. ఒక తడి ఆహారంలో ప్రోటీన్ 8 శాతం, తేమ 78 శాతం. చూడగానే మొదటిది మూడు రెట్లు మేలనిపిస్తుంది. తేమను తీసివేసి చూద్దాం.

పొడి ఆహారం: 24 ÷ 90 × 100 = 26.7 శాతం
తడి ఆహారం: 8 ÷ 22 × 100 = 36.4 శాతం

నీటిని మినహాయించకుండా రెండు ఆహారాలను పోల్చరాదని దీనివల్ల తెలుస్తుంది. ప్రమాణాల్లోని కనీస స్థాయిలతో పోల్చేటప్పుడు కూడా ఇదే లెక్క వేయాలి.

'ముడి ప్రోటీన్' అనే అంకెకు ఒక పరిమితి ఉంది. ప్రయోగశాలలో ఆహారంలోని నత్రజనిని కొలిచి, దాన్ని 6.25తో హెచ్చించి ఈ అంకెను రాబడతారు. ఆ నత్రజని మాంసం నుంచి వచ్చిందా, ఈకల నుంచి వచ్చిందా అన్నది ఈ పరీక్ష చెప్పదు. 2007లో చైనా నుంచి అమెరికాకు వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో మెలమైన్ అనే రసాయనం కలిసినట్లు బయటపడింది. మెలమైన్ బరువులో మూడింట రెండు వంతులు నత్రజనే. దాన్ని కలిపితే పరీక్షలో ప్రోటీన్ ఎక్కువగా కనబడుతుంది. ఆ ఆహారం తిన్న కుక్కలు, పిల్లులు మూత్రపిండాలు పాడై చనిపోయాయి. పెద్ద సంఖ్యలో ఉత్పత్తులను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. అందువల్ల అంకెతో పాటు పదార్థాల జాబితాను, తయారీదారు వివరాలను కలిపి చూడాలి. పోషకాహార నిపుణులు ఉన్నారా, ప్రతి విడతనూ పరీక్షిస్తారా అని వినియోగదారుల ఫోన్ నంబరుకు అడిగితే, స్పష్టంగా జవాబిచ్చే సంస్థ కొంత నమ్మదగినది.

6.6 ఎంత పెట్టాలి? ఎంత ఖర్చు?

2 నుంచి 45 కిలోల బరువున్న కుక్కకు విశ్రాంతిలో అవసరమైన శక్తిని ఈ సూత్రంతో అంచనా వేయవచ్చు:

(30 × కిలోల్లో బరువు) + 70 = కిలో కేలరీలు

ఆపరేషన్ చేయించిన, మామూలుగా తిరిగే ఎదిగిన కుక్కకు దీన్ని 1.6తో హెచ్చించాలి. ఉదాహరణకు 15 కిలోల ఊరకుక్క జాతి పెంపుడు కుక్కకు: (30 × 15) + 70 = 520; 520 × 1.6 = 832 కిలో కేలరీలు.

ఇప్పుడు ఆహారంలోని శక్తిని చూద్దాం. ప్రోటీన్ 24, కొవ్వు 10, పీచు 4, తేమ 10, బూడిద 8 శాతం అయితే మిగిలిన 44 శాతం పిండి పదార్థం. ప్రోటీన్, పిండి పదార్థాలు గ్రాముకు 3.5, కొవ్వు 8.5 కిలో కేలరీల చొప్పున ఇస్తాయి. కాబట్టి 100 గ్రాములకు 84 + 85 + 154 = 323 కిలో కేలరీలు. మన కుక్కకు రోజుకు సుమారు 258 గ్రాములు కావాలి.

ఈ ఆహారం కిలో 200 రూపాయలు, 100 గ్రాములకు 390 కిలో కేలరీలు ఇచ్చే మరొకటి కిలో 260 రూపాయలు అనుకుందాం. రెండోది రోజుకు 213 గ్రాములు చాలు. మొదటిదానికి రోజుకు దాదాపు 52 రూపాయలు, రెండోదానికి 55 రూపాయలు అవుతాయి. కిలో ధరలో 60 రూపాయల తేడా ఉన్నా రోజు ఖర్చులో తేడా 4 రూపాయల లోపే. కాబట్టి కిలో ధరను కాక రోజు ఖర్చును పోల్చాలి.

ఈ లెక్క ఆరంభం మాత్రమే. రెండు వారాలకొకసారి కుక్కను చూసి పరిమాణాన్ని సవరించాలి. పక్కటెముకలు కంటికి కనబడకుండా, చేత్తో తడిమితే తగలాలి. పైనుంచి చూస్తే నడుము తెలియాలి. 48 లాబ్రడార్ కుక్కలను జీవితాంతం పరిశీలించిన ఒక అధ్యయనం 2002లో వెలువడింది. అందులో తోటి కుక్కల కంటే 25 శాతం తక్కువ తిన్నవి దాదాపు 1.8 ఏళ్లు ఎక్కువ బతికాయి, కీళ్ల జబ్బులు కూడా వాటికి ఆలస్యంగా వచ్చాయి. గిన్నె నిండా పెట్టడమే ప్రేమ అనుకునేవారు ఈ ఫలితాన్ని గుర్తుంచుకోవాలి.

6.7 కొనుగోలు, నిల్వ

ప్యాకెట్ మీద తయారీదారు చిరునామా, నికర బరువు, తయారైన నెల, ఎం.ఆర్.పి., వినియోగదారుల ఫిర్యాదు వివరాలు ఉండాలని 2011 నాటి తూనికలు, కొలతల నిబంధనలు చెబుతున్నాయి. పెద్ద సంచి విప్పి విడిగా తూచి ఇచ్చే ఆహారానికి ఈ వివరాలేవీ ఉండవు. అది ఎప్పుడు తెరిచినదో కూడా తెలియదు. కొంచెం ధర ఎక్కువైనా చిన్న మూసిన సంచి కొనడమే మంచిది.

తేమ తగిలిన మొక్కజొన్న, వేరుశనగల మీద పెరిగే ఒక రకం బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వేడిచేసినా పూర్తిగా పోదు. 2020 చివర అమెరికాలో ఈ విషం ఉన్న ఆహారం తిని పదుల సంఖ్యలో కుక్కలు చనిపోయాయి. మన కోస్తా జిల్లాల ఉక్కలో, వానాకాలంలో నిల్వ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. సంచిని బిగుతుగా మడిచి, సంచితో సహా మూత గట్టిగా పట్టే డబ్బాలో, నేలకు తగలకుండా, ఎండ పడని చోట ఉంచాలి. తెరిచిన సంచి నెలన్నరలోపు అయిపోయేంత పరిమాణమే కొనాలి. మెక్కిన వాసన, బూజు, పురుగు కనబడితే పారేయాలి.

6.8 కొత్త ఆహారానికి అలవాటు చేయడం

ఆహారాన్ని ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు కావచ్చు. మొదటి రెండు రోజులు పాతది మూడు వంతులు, కొత్తది ఒక వంతు. తరవాత రెండు రోజులు సగం సగం. ఆ పైన రెండు రోజులు పాతది ఒక వంతు, కొత్తది మూడు వంతులు పెట్టి, ఏడో రోజుకు పూర్తిగా మార్చాలి. పొడి ఆహారంలో నీరు తక్కువ కాబట్టి పక్కన మంచినీళ్లు ఎప్పుడూ ఉండాలి. సగం గుళికలు, సగం పెరుగన్నం కలిపితే సంచి మీద చెప్పిన సమతుల్యత నిలవదు. అలా పెట్టక తప్పనివారు పశువైద్యుని సలహా తీసుకోవాలి. కుక్క ఆహారం మానేసినా, వాంతులు, పసుపుపచ్చ కళ్లు, నీరసం కనిపించినా ఆ ఆహారం వెంటనే ఆపి, సంచిని భద్రపరచి, ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

6.9 సారాంశం

పొడి ఆహారం ఎంపికలో ముందు సంపూర్ణతను, తగిన వయసును, తరవాత పదార్థాలను, తేమ తీసివేసిన పోషకాల శాతాన్ని, ఆపైన రోజు ఖర్చును, తాజాదనాన్ని చూడాలి. బొమ్మ, ధర, ప్రచారం వీటికి ప్రత్యామ్నాయం కావు. చివరి పరీక్ష కుక్కే: నిగనిగలాడే బొచ్చు, గట్టి మలం, తగిన బరువు, హుషారు ఉంటే ఎంపిక సరైనదని భావించవచ్చు.

6.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఒక ఆహారంలో ముడి ప్రోటీన్ 19 శాతం, తేమ 10 శాతం. పెరిగే పిల్లకు ఇది సరిపోతుందా?
2. జాబితాలో మొదట తాజా కోడి మాంసం ఉన్నంత మాత్రాన ఆహారంలో అదే ఎక్కువని ఎందుకు చెప్పలేం?
3. 10 కిలోల బరువున్న, ఆపరేషన్ చేయించిన ఎదిగిన కుక్కకు రోజుకు ఎన్ని కిలో కేలరీలు కావాలి?

జవాబులు: 1. 19 ÷ 90 × 100 = 21.1 శాతం, 22.5 కంటే తక్కువ కాబట్టి సరిపోదు. 2. అందులో సుమారు 70 శాతం నీరు కాబట్టి. 3. (30 × 10) + 70 = 370; 370 × 1.6 = 592.