కట్టను ఎన్నిసార్లు ముట్టుకుంటారు?

పేరులోనే కొంచెం తిరకాసు ఉంది. అమెరికాలో 'చిన్న చదరపు కట్ట' అని పిలిచే గడ్డి కట్ట ఏ వైపు నుంచి చూసినా చదరం కాదు. 14 అంగుళాల ఎత్తు, 18 అంగుళాల వెడల్పు, సుమారు 36 అంగుళాల పొడవు. రెండు వరుసల పురికొస, బరువు 18 నుంచి 27 కిలోలు. లోపల ఉండేది మన వరిగడ్డి లాంటిది కాదు. తిమోతి, లూసర్న్ లాంటి మేతను పచ్చిగా ఉండగానే కోసి, చేలోనే ఎండబెట్టి కట్టినది. దాన్ని ఒక్క మనిషి ఎత్తగలడు. ఆ కట్టకున్న గొప్పంతా అదే. రైతు నడుముకు వచ్చే తిప్పలన్నీ కూడా అక్కడి నుంచే వస్తాయి.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఏడాదికి 2,000 కట్టలు, ఒక్కొక్కటి 22 కిలోలు అనుకుంటే మొత్తం 44 టన్నులు. చేలోంచి బండి మీదికి ఒకసారి, బండి మీంచి కొట్టం గుమ్మం దాకా ఒకసారి, అక్కడి నుంచి వాములోకి ఇంకోసారి. చలికాలం రాకముందే మనుషుల చేతులు 132 టన్నులు ఎత్తాయన్నమాట. పశువు ముందు వేసేటప్పటి మోత ఇందులో కలపలేదు. ఏ పరికరం కొనాలన్న ప్రశ్నను నేను ఈ లెక్కతోనే మొదలుపెడతాను: కట్టను ఎన్నిసార్లు ముట్టుకుంటున్నారు, అందులో ఏ ముట్టుడు తగ్గించవచ్చు? హార్స్‌పవర్, రంగు, కంపెనీ పేరు తర్వాతి సంగతులు. వీటిలో రంగు గురించి మాత్రం అక్కడి రైతులు తరతరాలుగా వాదించుకుంటూనే ఉన్నారు, తేలలేదు.

ఇంత బాధ ఎందుకు, పెద్ద గుండ్రటి చుట్టలు చుట్టుకోవచ్చు కదా అంటే, చాలామంది చుట్టుకున్నారు. అయోవా రాష్ట్రంలోని పెల్లా ఊరి వెర్మీర్ కంపెనీ 1971లో పెద్ద చుట్టల మిషన్ తెచ్చాక, మందలున్న రైతులు చాలావరకు అటు మళ్లారు. చిన్న కట్ట బతికి బట్టకట్టింది గుర్రాల వల్ల. రెండు గుర్రాలున్న ఇంటి వాళ్లకు ట్రాక్టరు ముందు బిగించి బరువులెత్తే లోడర్ ఉండదు, అయిదారు వందల కిలోల చుట్టను దొర్లించే ఓపికా ఉండదు. పురికొస తెంచితే పలకలు పలకలుగా విడిపోయే కట్టయితే, పూటకు రెండు పలకలు తీసి వేస్తారు. టన్ను లెక్కన చూస్తే వాళ్లు ఇచ్చే ధర ఎక్కువే. కాబట్టి రైతు నడుము ఇంకా పనిలోనే ఉంది.

కట్టే సమస్య మాత్రం ఎప్పుడో తీరిపోయింది. ఒకప్పుడు కట్టలు కట్టే మిషన్, అంటే బేలర్, పక్కన మనుషులు కూర్చుని, దుమ్ములో కళ్లు మూసుకుంటూ తీగ దూర్చి చేత్తో ముడి వేసేవారు. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ కౌంటీకి చెందిన ఎడ్విన్ నోల్ట్ 1930ల చివర్లో, గడ్డిని తానే ఎత్తుకుని తానే ముడి వేసుకునే బేలర్ తయారుచేశాడు. 1940లో న్యూ హాలండ్ కంపెనీ దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. అప్పటి నుంచి ఒక్క డ్రైవరు గంటకు వందల కట్టలు కట్టి చేలో వదిలేసి పోగలడు. వాటిని ఏరే వాళ్లు ఎక్కడి నుంచి వస్తారన్నది ఆ మిషన్ పట్టించుకోలేదు.

ఇక ఎంపిక. ముందు వెళ్లాల్సింది షోరూముకు కాదు, టేపు పట్టుకుని సొంత కొట్టానికి. గుమ్మం ఎత్తెంత, లోపల దూలాలు ఎంత కిందికి ఉన్నాయి, నేల మట్టా, సిమెంటా, చెక్కా? పెన్సిల్వేనియాలో పాత కొట్టాలు చాలావరకు గట్టును ఆనుకుని కట్టినవి. కింద పశువులు, పైన గడ్డి. గట్టు మీంచి బండి నేరుగా పై అంతస్తులోకి వెళ్తుంది. చూడముచ్చటైన ఏర్పాటే కానీ, ఆ పాత చెక్క నేల మీదికి లోడర్ ట్రాక్టరు ఎక్కిస్తే కింద ఉన్న ఆవును పలకరించినట్టవుతుంది. అలాంటి కొట్టానికి ఎంత గొప్ప యంత్రం కొన్నా గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. అక్కడ పనికొచ్చేది గొలుసుతో కట్టలను పైకి లాక్కెళ్లే ఎలివేటర్, పైన సర్దడానికి ఇద్దరు కుర్రాళ్లు. ఏడాదికి నాలుగైదు వందల కట్టలే అయితే ఇంతకు మించి ఖర్చు పెట్టడం, నా లెక్కలో, సరదా కిందికి వస్తుంది.

బేలర్ వెనక బిగించే 'కిక్కర్' ఒకటుంది. కట్ట బయటికి రాగానే దాన్ని వెనక ఉన్న ఎత్తు గోడల బండిలోకి విసిరేస్తుంది. చేలో ఏరే పని పోతుంది. కానీ కట్టలు బండిలో కుప్పగా, అడ్డదిడ్డంగా పడతాయి. దించి సర్దే పని అలాగే ఉంటుంది, చిక్కులు పడిన కుప్పను విడదీయడం అదనం. మూడు ముట్టుడులలో ఒకటి పోయింది, మిగిలిన రెండూ కాస్త విసుగెత్తాయి.

చేతులను దాదాపు పూర్తిగా తప్పించేది అక్యుమ్యులేటర్, గ్రాపుల్ జంట. అక్యుమ్యులేటర్ బేలర్ వెనకే వస్తూ, కట్టలను వరుసల్లోకి తోసి ఎనిమిదో పదో పూర్తవగానే తలుపు తెరిచి నేల మీద పరిచి పోతుంది. గ్రాపుల్ లోడర్ ముందు ఉండే కొక్కేల చట్రం. ఆ పరుపు మీద దించితే కొక్కేలు కట్టల్లోకి దిగి, మొత్తాన్ని ఒకేసారి ఎత్తుతుంది. ఎనిమిది కట్టల పరుపులో చిన్న లెక్క దాగుంది. 18 అంగుళాల వెడల్పు నాలుగుసార్లు వేస్తే 72. 36 అంగుళాల పొడవు రెండుసార్లు వేసినా 72. పేరుకు తగ్గ చదరం చివరికి ఇక్కడ కనిపిస్తుంది. చదరం కాబట్టి ఒక వరస మీద తర్వాతి వరసను అడ్డంగా తిప్పి పెట్టవచ్చు. గోడలో ఇటుకల కీళ్లు కలవకుండా మేస్త్రీ చూసుకున్నట్టు, వాము ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడుతుంది.

ఇక్కడ బేరం చెడేది ట్రాక్టరు దగ్గర. పది కట్టలంటే 220 కిలోలు. దానికి గ్రాపుల్ సొంత బరువు కలపాలి. అదీ లోడర్ చేతుల చివర కాదు, ఇంకా ముందుకు వేలాడుతుంది. ట్రాక్టరు బ్రోచర్‌లో రాసే ఎత్తుడు సామర్థ్యం మామూలుగా చేతుల చివర కొలిచినది. చిన్న ట్రాక్టరుతో ఆ బరువును పైవరసకు ఎత్తి, వాలు నేల మీద తిరిగితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు, పరీక్షించి చూడనక్కర్లేదు. వెనక తగినంత బరువు కట్టాలి, మోసుకెళ్లేటప్పుడు కిందికి దించే నడపాలి.

ఒక్క మనిషితోనే అంతా జరగాలంటే ఆటోమేటిక్ బేల్ వ్యాగన్ ఉంది. న్యూ హాలండ్ అన్న మాట దీనికి దాదాపు ఇంటిపేరైంది. చేలో వెళ్తూ కట్టలను ఒక్కొక్కటిగా ఎత్తుకుని, ఒక బల్ల మీద వరుస, ఆ వరుసలతో ఇంకో బల్ల మీద పొర, ఆ పొరలతో వెనక వాము పేర్చుకుంటుంది. ట్రాక్టరుతో లాగే చాలా రకాల్లో సుమారు వంద, సొంత ఇంజనున్న పెద్ద వాటిలో 160 దాకా కట్టలు పడతాయి. కొట్టం చేరాక మంచం నిలబెట్టినట్టు మొత్తాన్ని వెనక్కి లేపి నిలబెట్టి వచ్చేస్తుంది. చూస్తుంటే కడుపు నిండుతుంది. కానీ ఆ మంచం లేవడానికి తల పైన ఖాళీ కావాలి, నేల సమంగా ఉండాలి, మొదటి వాము ఆనుకోవడానికి గోడో స్తంభమో కావాలి. అన్నిటికంటే ముఖ్యంగా కట్టలన్నీ ఒకే పొడవుండాలి. ఒకటి 32 అంగుళాలు, ఇంకోటి 40 వస్తే ఈ మిషన్‌కు అర్థం కాదు. మనిషైతే తిట్టుకుంటూ సర్దుతాడు.

అందుకే నేను డబ్బును ముందు బేలర్ మీద పెట్టమంటాను. చేలో గడ్డి వరుస సమంగా పడకపోతే కట్టల పొడవు మారుతుంది, పురికొస వదులైతే గ్రాపుల్ కొక్కెం పట్టుకున్నది చేతికి ఊడి వస్తుంది. 18, 21 కట్టలను కలిపి ఒకే పెద్ద మోపుగా బిగించే మిషన్లూ ఉన్నాయి. లారీలకెత్తి దూరం అమ్మే వాళ్లకే అవి గిట్టుబాటు.

తేమ సంగతి ఒక్క మాట. 20 శాతం దాటిన తేమతో కట్టి పేర్చితే వాము లోపల వేడెక్కుతుంది. ఆ వేడి 80 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే ఇక కట్టలు పీకి చూడకుండా ఫైరింజనుకు కబురు చేయాలి, ఎందుకంటే గాలి తగలగానే అంటుకోవచ్చు. మిషన్‌తో బిగుతుగా, వేగంగా పేర్చగలగడం ఇక్కడ పూర్తిగా లాభం కాదు. అడుగు వరస పురికొస నేలకు తగలకుండా కట్టలను పక్కకు తిప్పి పెట్టాలి. తగిలితే చెమ్మకు కుళ్లుతుంది, చలికాలంలో ఎత్తబోతే కట్ట కట్టగా రాదు.

రాళ్ల మీదో కర్రల మీదో అడుగు లేపి, వాన జారేలా పైన వాలు పెట్టి వాము వేసిన మనవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. ఇప్పుడు ఆంధ్ర, తెలంగాణ వరి పొలాల్లో కోత మిషన్ వెళ్లాక ట్రాక్టరు వెనక చిన్న బేలర్ వచ్చి గుండ్రటి కట్టలు వదిలి పోతోంది. వాటిని ట్రాలీకి, ట్రాలీ నుంచి లారీకి, లారీ నుంచి పశువుల పాకకు మోసేది ఇంకా చేతులే. గుండ్రం కాబట్టి మధ్యలో సందులుంటాయి, పరుపులా పేర్చే గ్రాపుల్ వీటికి సరిపడదు. ముట్టుడు లెక్క మాత్రం ఇక్కడా అదే.

పాత బేల్ వ్యాగన్ కొనబోతే గొలుసులు, హైడ్రాలిక్ గొట్టాలు చూడటంతో పాటు, మీ బేలర్ కట్టిన ఇరవై కట్టలు బండిలో వేసుకెళ్లి దాని మీద ఆడించి చూడండి. అమ్మేవాడు తన కట్టలతో బ్రహ్మాండంగా ఆడిందని చెబుతాడు. అది అబద్ధం కాకపోవచ్చు. ఆ బేలర్‌ను మాత్రం అతను అమ్మడు.