జాడ తీయు జాగిలములు: వాని పరీక్షలు



తిరునాళ్ళలో బిడ్డ తప్పిపోవుట మనమందఱము ఎఱిగినదే. మతిమఱపు గల వృద్ధుడు ప్రొద్దు క్రుంకువేళ ఇల్లు విడిచి పొలములవైపు నడచిపోవుటయు, మేకలవెంట పోయిన పిల్లవాడు చీకటిపడినను తిరిగి రాకుండుటయు క్రొత్త సంగతులు కావు. అట్టి సమయమున ఊరంతయు దీపములు పట్టుకొని నలుదిక్కులకు పరుగెత్తును. పేరు పెట్టి పిలుచువారు పిలుతురు; బావులలో చూచువారు చూతురు. ఆ కలవరములో ఎవరో ఒకరు, "పోలీసుల కుక్కను తెప్పింపుడు" అందురు. కుక్క వచ్చును. ముక్కు నేలకు ఆనించి ఒక వైపునకు సాగును. దాని వెనుక ఊరంతయు సాగును.

అప్పుడు ఊరి పెద్ద తనలో తాను అడుగుకొనవలసిన ప్రశ్న యొకటి గలదు. ఈ జాగిలము చూపు దారి నిజమైనదని మనకేమి రుజువు? అది తూర్పునకు పోయినదని మనమందఱము తూర్పునకు పోగా, బిడ్డ పడమట నున్నచో, గడచిన గంటలు తిరిగిరావు. బంగారమునకు గీటురాయి ఉన్నట్లే జాగిలమునకును ఒక గీటురాయి ఉన్నది. దానినిగూర్చి మీకు నేడు నాలుగు మాటలు చెప్పెదను.

ముందుగా జాడ యనగా నేమో చూతము. మన చర్మము ఎడతెగక పొట్టు రాల్చుచుండును. కంటికి కానరాని ఆ పొట్టు నిమిషమునకు వేలకొలది తునుకలుగా రాలును. దానిపై చెమటయు, జిడ్డును, సూక్ష్మజీవులును చేరి ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క తీరు వాసన కలుగును. ఇది గాక మనిషి నడచినచోట మఱియొక వాసనయు లేచును. కాలి క్రింద గడ్డి నలుగును, మన్ను చెదరును. మొదటి వాసన మనిషిది, రెండవది నేలది. ఎవరు నడచినను నలిగిన గడ్డి వాసన ఒక్కటియే.

పరీక్షలన్నిటికిని ఈ భేదమే మూలము. నేర్పు లేని కుక్క నలిగిన గడ్డిని పట్టుకొని పోవును. గడ్డి ముగిసి రాతినేల రాగానే నిలిచిపోవును. లేదా అడ్డముగా నడచిన మఱియొకని వెంట పోవును. నేర్చిన జాగిలము ఏ మనిషి వాసన చూపితిమో ఆ మనిషినే పట్టుకొని, తక్కినవారినందఱిని విడిచిపెట్టును. మన ముక్కులో వాసన గ్రహించు కణములు 50, 60 లక్షలుండగా, జాగిలముల ముక్కులో 20 కోట్లకు పైగా ఉండునని అంచనా. బెల్‌ఫాస్టు విశ్వవిద్యాలయమువారు 2005లో ప్రకటించిన ప్రయోగములలో, వరుసగా ఐదు అడుగుజాడలు వాసన చూచిన కుక్కలు ఆ మనిషి ఎటునుండి ఎటు పోయెనో కనిపెట్టగలిగినవి.

ఇట్టి శక్తిని పరీక్షించుట క్రొత్త సంగతి కాదు. ఇంగ్లండునందు రాబర్టు బాయిల్ అను ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు 1673లో ప్రకటించిన గ్రంథమున ఒక వృత్తాంతము వ్రాసెను. ఒక పెద్దమనిషి తన పడుచు జాగిలము ఎంతవఱకు నేర్చినదో చూడగోరి, సేవకుని పిలిచి, నాలుగు మైళ్ళ దూరమందలి యొక ఊరికిని, అచ్చటినుండి మఱి మూడు మైళ్ళ దూరమున సంత జరుగు పట్టణమునకును నడచిపొమ్మనెను. తరువాత జాగిలమును విడిచిరి. ఆ సేవకుని అది ఎన్నడును చూచి యెఱుగదు. సంతకు పోవు జనము ఆ బాటనే నడచుచుండిరి. బాటసారులు దానిని అడ్డముగా దాటుచుండిరి. అది ఎవరిని లెక్కచేయక పట్టణపు వీథులగుండ పోయి, సేవకుడు విశ్రమించిన యింటి మేడగదికి చేరెను. వెనుక వచ్చినవారు ఆశ్చర్యపడిరట.

ఇందులో మనము గమనింపదగినది ఆశ్చర్యము కాదు. సేవకుడు ఎచ్చటికి పోయెనో యజమాని ముందే యెఱుగును. కావుననే కుక్క నెగ్గినదో ఓడినదో తేల్చుటకు వీలు కలిగెను. పిల్లవాని తెలివిని జవాబు తెలిసిన లెక్కతోనే గదా పరీక్షింతుము!

జార్జి రోమేన్సు అను మఱియొక శాస్త్రజ్ఞుడు 1887లో ప్రకటించిన ప్రయోగము ఇంతకంటె కఠినమైనది. పండ్రెండుగురు మనుష్యులు ఒకరి వెనుక ఒకరుగా నడచిరి. ముందు రోమేన్సు; తక్కిన పదునొకండుగురును ముందువాని అడుగులోనే తమ అడుగు వేయుచు వచ్చిరి. 200 గజములు నడచిన పిదప ఆఱుగురు కుడికి, ఆఱుగురు ఎడమకు చీలి, దూరముగా పోయి దాగిరి. రోమేన్సు కుడివైపు జట్టులో నుండెను. పిమ్మట అతని కుక్కను విడిచిరి. అది వేగముగా వచ్చి, దారి చీలినచోటును కొంచెము దాటిపోయి, వెంటనే వెనుకకు మఱలి, కుడిదారినే పట్టెను. యజమాని అడుగుపై పదునొకండుగురి అడుగులు పడినను అతని వాసన మాసిపోలేదన్నమాట.

ఇంతటి శక్తి యున్నను, అది సమయమునకు అక్కఱకు వచ్చుట వేఱు సంగతి. 1888లో లండను నగరమున వైట్‌చాపెల్ అను పేదల పేటలో స్త్రీలు వరుసగా హత్యకు గురియైరి. నగర పోలీసు కమిషనరు చార్లెసు వారెను, స్కార్‌బరోలో బ్లడ్ హౌండు జాతి జాగిలములను పెంచు ఎడ్విను బ్రో అను నాతనిచే బార్నబీ, బర్గో అను రెంటిని తెప్పించెను. అక్టోబరు నెలలో రీజెంట్సు పార్కునందు ఉదయము ఏడు గంటలకు పరీక్ష జరిగెను. నేలపై దట్టముగా మంచు పట్టి యుండెను. ఒక మనిషికి పదునైదు నిమిషములు గడువిచ్చి పంపగా, జాగిలములు సుమారు ఒక మైలు దూరము అతని జాడ తీసినవి. కమిషనరు తానే పరుగెత్తి జాగిలములచే వెదకించుకొనెను.

కాని నవంబరు 9వ తేదీన మఱియొక హత్య బయటపడినప్పుడు ఆ జాగిలములు నగరమున లేవు. అవి వచ్చునను తలంపుతో పోలీసులు గది తలుపు తెఱవక సుమారు రెండు గంటలు వెలుపల కాచియుండిరి. అవి రావని తెలిసిన పిమ్మట తలుపు పగులగొట్టిరి. ఒకవేళ వచ్చియున్నను ఏమి జరిగెడిదో! మంచుపట్టిన నిర్జనమైన తోటలో నెగ్గుట వేఱు. వేలమంది త్రొక్కు వీథిలో నెగ్గుట వేఱు. పరీక్ష యన్నది పని యెంత కష్టమో అంత కష్టముగా నుండవలెను.

1897లో ఇంగ్లండులోని బ్లడ్ హౌండుల పెంపకందారులు ఒక సంఘము నేర్పఱచుకొని, 1898లో పందెములు ప్రారంభించిరి. నేటికిని అవి అచ్చట జరుగుచున్నవి. పూర్వము వేటకుక్కల ఆటవిడుపునకై సోపునూనెలో తడిపిన గుడ్డను నేలపై ఈడ్చి, ఆ ఘాటైన వాసనవెంట కుక్కలను పరుగెత్తించు ఆచారము ఉండెడిది. ఈ పందెములలో అట్టి మోసము లేదు. నడచువాని చెప్పులకు ఏదియు పూయరు. మనిషి వాసన తప్ప వేఱు ఆధారము లేదు.

పందెము నడచు విధమిది. నిర్ణేతలు పొలముల పటముపై ఒక దారి గీసి నడచువానికి ఇత్తురు. అతడు తన వాసన గల గుడ్డను మొదటిచోట విడిచి, ఆ గీత ప్రకారము కంచెలు దాటి, వాగులు దాటి, మేయుచున్న గొఱ్ఱెలమధ్యగా పోవును. క్రొత్తగా వచ్చిన జాగిలమునకు ఒక మైలు జాడ. నడచిన అరగంటకు విడుతురు. పై తరగతి జాగిలమునకు 3 మైళ్ళ జాడ. 2 గంటలు చల్లారిన పిదప విడుతురు. దానిని నడుపువానికి దారి తెలియదు. జాడ చెడినచోట జాగిలము తానే చుట్టు వెదకి మఱల పట్టుకొనవలెను. గొఱ్ఱెలను తఱిమెనా, దానికి ఇక పందెములో చోటు లేదు. అన్నిటికంటె చివరి పరీక్ష ముఖ్యమైనది. దారి చివర నడచినవాడు ఒంటరిగా నిలువడు. మఱియొకనితో కలసి నిలుచును. జాగిలము అతనినే గుర్తింపవలెను. పేరు విని భయపడవలదు. అది మీదపడి కఱచునది కాదు. ముందుకాళ్ళెత్తి అతనిని ఆనుకొని తోక ఆడించును. అదియే దాని తీర్పు.

అమెరికాలో జరుగు జాడ పరీక్షలు మఱియొక తీరువి. అచ్చట ఒక కుక్కకు మఱియొక కుక్కతో పోటీ లేదు, నియమముతోనే పోటీ. పై తరగతిలో జాడ 800 మొదలు 1000 గజములు; వయస్సు 3 మొదలు 5 గంటలు; మలుపులు ఐదు మొదలు ఏడు. ఆ దారిని అపరిచితులు రెండుచోట్ల అడ్డముగా త్రొక్కుదురు. నడచినవాడు దారిలో జారవిడిచిన వస్తువులను కుక్క చూపవలెను. నిర్ణేతలకు దారి తెలియును, నడుపువానికి తెలియదు. కుక్క పూర్తిగా దారి తప్పినచో నిర్ణేత ఈల వేయును. పరీక్ష అంతటితో సరి.

నడుపువానికి దారి తెలియకూడదని ఇంత పట్టుదల యేల? ఇందులో అతని నిజాయితీని శంకించుట లేదు. కుక్క తన యజమాని ముఖము నెఱిగినట్లు లోకమున మఱి దేనిని ఎఱుగదు. అతడు ఒకచోట అడుగు నెమ్మది చేసినను, పగ్గము కొంచెము బిగించినను, ఊపిరి బిగపట్టినను అది గ్రహించును. అతడు కోరినదే చూపును. కాలిఫోర్నియాలో 2011లో ప్రకటించిన ప్రయోగమొకటి దీనిని వెల్లడించినది. అందు పాల్గొన్నవి మత్తుమందులను, ప్రేలుడు పదార్థములను కనిపెట్టు జాగిలములు. మొత్తము 18 జంటలు. వెదకవలసిన గదులలో ఏ పదార్థమును దాచలేదు. కాని దాచియుండవచ్చునని నడుపువారికి చెప్పిరి. 144 మార్లు వెదకగా, 123 మార్లు ఏదో దొరకినట్లు తప్పుడు సూచన వచ్చెను. లేనిదానిని ఉన్నట్లు చూపించినది కుక్క ముక్కు కాదు, మనిషి తలంపు.

కావున జాగిలమునకు కావలసినది పొగడ్త కాదు, జవాబు తెలిసిన పరీక్ష. దానిలో ఓడుటయు లాభమే. పొలములో తప్పినప్పుడు ఒక బిళ్ళ పోవును, అంతే. ఏ నేలపై తప్పినదో, ఏ ఎండలో తప్పినదో యజమాని నేర్చుకొనును. అదే తప్పు నిజముగా బిడ్డ పోయిననాడు జరిగినచో దానిని తప్పని చెప్పువారుండరు. ఇట్లు పరీక్షించినవారికే జాగిలమెంత గొప్పదో కూడ తెలిసినది. చెక్ దేశమున 2011లో ప్రకటించిన పరీక్షలో పోలీసు జాగిలములు ఒకే యింట, ఒకే తిండి తిను కవలల వాసనలను కూడ వేఱుపఱచగలిగినవి.

మన ప్రాంతమునందు హైదరాబాదు చెంత మొయినాబాదులో పోలీసు జాగిలములకు శిక్షణ నిచ్చుచున్నారు. వివిధ రాష్ట్రముల పోలీసు జాగిలములకు అఖిల భారత పోలీసు విధుల పోటీలలో పందెములు జరుగును. జాడ తీయుట అందొక భాగము. అయితే జాగిలములన్నియు ఒక్క పనివి కావు. 2025 ఫిబ్రవరి 22వ తేదీన నాగర్‌కర్నూలు జిల్లాలో శ్రీశైలము ఎడమగట్టు సొరంగము కూలి 8 మంది చిక్కుకొన్నప్పుడు కేరళ పోలీసులనుండి తెప్పించిన జాగిలములు జాడ తీయునవి కావు. మట్టి క్రింది మృతదేహములను పసిగట్టునవి. ఏ పనికి నేర్చిన జాగిలమో అడిగి తెలిసికొనుట తప్పు కాదు.

ఇక మన చేతిలో నున్న పని. ఎంత గొప్ప జాగిలమైనను దానికంటె ముందు వచ్చి జాడను చెఱుపువారము మనమే. ఎండయు, గాలియు జాడను చెఱుపును. చల్లదనము, తేమ దానిని నిలుపును. వాని సంగతి మన వశము కాదు. జనము మన వశము. మనిషి తప్పిపోయెనని తెలియగానే పోలీసులకు చెప్పుడు. చివరిసారి కనబడిన చోట ఒక గుర్తు పెట్టి, చుట్టు ఎవరిని త్రొక్కనీయకుడు. ఉతుకని చొక్కాయో, దిండు గలేబో, చెప్పులో వానిని ఒక్కనివే ఏఱి, చేతితో ముట్టక పుల్లతో ఎత్తి, శుభ్రమైన సంచిలో వేయుడు. ఇంటిల్లిపాది మురికిబట్టల కుప్పనుండి తీయవలదు. అప్పటికే ఆ చోట ఎవరెవరు నడచిరో జాగిలము తెచ్చినవానికి చెప్పుడు; వారి వాసనలను అది విడిచిపెట్టవలెను గదా. ఎటు పోయియుండునో అను మీ అనుమానమును అధికారికి చెప్పుడు. పగ్గము పట్టినవాని చెవిలో మాత్రము వేయవలదు. జాగిలము వచ్చినదని బావులు, చెఱువులు, గడ్డివాములు వెదకుట మానవలదు.

తిరునాళ్ళ రాత్రి ఊరంతయు పరుగెత్తుచుండగా, "ఇచ్చట త్రొక్కకుడు, కొంచెము ఆగుడు" అని చెప్పగల పెద్దమనిషి ఒక్కడు ఊరికి చాలును. ఆ మాటతో ఒక బిడ్డ తల్లి యొడికి చేరవచ్చును.