జీవకణములలోని రెండవ దూత

మన శరీరము కోట్లకొలది జీవకణములచే నిర్మితమైనది. ప్రతి కణమును ఒక పలుచని పొర కప్పియుండును. అది కోటగోడవంటిది. రక్తముద్వారా వార్తలు తెచ్చు ద్రవ్యములలో ననేకములు దానిని దాటి లోనికి పోజాలవు. అట్లయిన వార్త లోపలికి ఎట్లు చేరును?

నల్లమల యడవిత్రోవలో బాటసారికి చిరుతపులి యెదురుపడినదనుకొనుడు. తక్షణమే మూత్రపిండములపై నుండు గ్రంథులనుండి ఎడ్రినలిన్ అను ద్రవ్యము రక్తములోనికి స్రవించును. ఇది మొదటి దూత. కాలేయకణముల పొరయందు దీనిని గుర్తించు గ్రాహకములు కలవు. తాళమునకు తాళపుచెవివలె ఎడ్రినలిన్ గ్రాహకమున కమరును గాని లోనికి పోదు. గ్రాహకము తన యాకృతిని కొంచెము మార్చుకొని, పొర లోపలివైపున నున్న జి-ప్రోటీనును మేల్కొల్పును. అది యొక ఎంజైమును ప్రేరేపింపగా, ఆ ఎంజైము ఏ.టి.పి. యను పదార్థమును సైక్లిక్ ఏ.ఎమ్.పి.గా మార్చును. ఇదియే రెండవ దూత.

ఈ దూత కణములో వ్యాపించి, వరుసగా పలు ఎంజైములను పనికి పురికొల్పును. అంతట కాలేయమున నిలువయున్న గ్లైకోజెను విడిపోయి గ్లూకోజుగా మారి, రక్తమున గలసి, పరుగెత్తువానికి బలమిచ్చును. ఒక్కొక్క మెట్టున నొకటి పెక్కింటిని మేల్కొల్పుటచే స్వల్పమైన వార్తయే మహాకార్యమును సాధించును. మార్కాపురపు పలకపై వ్రాసినదానిని తుడిచినట్లు, పని ముగియగనే మరియొక ఎంజైము ఈ దూతను తొలగించును. కాల్షియము మొదలగు రెండవ దూతలు మరికొన్నియు కలవు.

సైక్లిక్ ఏ.ఎమ్.పి.ని అమెరికాలో కనుగొనిన ఎర్ల్ సదర్లాండునకు 1971లో నోబెల్ బహుమతి లభించెను. దానికి మూలమైన ఏ.టి.పి. చరిత్రలో మన తెలుగువాని పేరు కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో గూడి, 1929లో ఏ.టి.పి.ని కండరమునుండి వేరుచేసిన సంగతిని ప్రకటించిరి. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ గూడ దానిని కనుగొనెను.

ఈ వార్త యాగకున్న నేమగునో కలరా తెలుపుచున్నది. కలరా క్రిమి యొక విషమును పుట్టించునని కలకత్తాలో శంభునాథ్ దే 1959లో నిరూపించెను. ఆ విషము ప్రేగుకణములలోని జి-ప్రోటీనును విశ్రమింపనీయదు. పలకను తుడిచినకొలది మరల వ్రాసినట్లు, రెండవ దూత యెడతెగక పుట్టుచుండును. కణములు లవణమును నీటిని వెలికి గ్రుమ్మరించును. కొన్ని గంటలలోనే ప్రాణాపాయము కలుగవచ్చును.

అయినను ప్రేగులలో నొక ద్వారము చెడక నిలిచియుండును. గ్లూకోజు, ఉప్పు కలిసి వచ్చినచో అది రెంటిని లోనికి గొనును. నీరు వానిని వెంబడించును. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరమున డాక్టరు దిలీప్ మహలనబిస్ ఈ పానీయముతోనే వేలమందికి చికిత్స చేసెను.

తలిదండ్రులారా, విరేచనములగు బిడ్డకు నీరీయరాదను మాట ప్రమాదకరము. వేసవిలో మంచినీరు కరవగు మన మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములవారు దీనిని మరువరాదు. ఓ.ఆర్.ఎస్. పొట్లమును దానిపై సూచించిన కొలత ప్రకారము కాచి చల్లార్చిన నీటిలో కలిపి, కొంచెము కొంచెముగా త్రాగింపుడు. పొట్లము లేనిచో ఒక లీటరు నీటికి ఆరు సమమైన చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు చాలును. తల్లిపాలు మానరాదు. బిడ్డ సోలిపోయినను, త్రాగలేకున్నను వైద్యుని యొద్దకు తక్షణమే కొనిపోవలెను.

కంటికి కనరాని కణములో సృష్టికర్త యమర్చిన యీ క్రమము నెరుగుట విద్య. ఆ యెరుకచే నొక బిడ్డను కాపాడుట విద్యకు ఫలము.